స్వాములు కొండకెళ్తే మేం కుప్పెక్కాం

మా అమ్మాయి బందరులో డిగ్రీ చదువుతోంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు ఫోన్లో ఏవో పాత ఫొటోలు చూపించింది. యుద్ధం రోజుల్లో ఇంగ్లండులో మగవాళ్ళందరూ సైన్యంలోకి వెళ్ళిపోతే, ఆడవాళ్ళు పొలాల్లోకి దిగి దున్ని, కోసి, ఊళ్ళకి తిండి పెట్టారట. ప్యాంట్లు వేసుకుని, ట్రాక్టర్ల మీద కూర్చుని, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నారు. వాళ్ళ గురించి పాఠం ఉందట, పరీక్షలో అడుగుతారట.

మా అత్తయ్య కళ్ళజోడు సవరించుకుని ఆ ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది.

"మగాళ్ళంతా పోయారా? ఒక్కసారే?"

"అవును నాయనమ్మా, యుద్ధం కదా."

"మరి మనోళ్ళు శబరిమల పోయినప్పుడు మనల్నెవరూ ఫొటో తియ్యలేదేమే?"

నాకు నవ్వు ఆగలేదు. నిజమే, మమ్మల్నెవరూ ఫొటో తియ్యలేదు. కనీసం నేనైనా రాసిపెట్టుకోవాలి కదా.

మాది అవనిగడ్డకు కాస్త దిగువనున్న ఊరు. ఇక్కడ మాల వేసుకునే కాలం, వరి కోసే కాలం రెండూ ఒకటే. దేవుడికీ వరికీ మధ్య పంచాయితీ పెట్టేవాళ్ళు లేక ఏటా ఇదే గొడవ. ఆ ఏడు మా ఆయన కూడా మాల వేసుకున్నారు. మాల మెడలో పడిన క్షణం నుంచి మొగుడు మొగుడు కాదు, స్వామి. స్వామిని తిట్టకూడదు. కొట్లాడకూడదు. "ఏవండీ, చేలో పంట పెట్టుకుని ఇప్పుడు వెళ్తే ఎట్లాగండీ?" అని అడిగితే కళ్ళు మూసుకుని "స్వామి శరణం" అనేవారు. "పోనీ సంక్రాంతి దాటాక వెళ్ళొచ్చుగా?" అంటే మళ్ళీ "స్వామి శరణం". ఇంత సుఖమైన జవాబు నాకు పెళ్ళైన కొత్తలోనే తెలిసుంటే ఎంత బాగుండేది!

బస్సు కట్టించుకుని ఊళ్ళో మగాళ్ళు సగానికి సగం ఎక్కేశారు. మిగిలిన వాళ్ళలో కుర్రకారంతా గుడివాడ అవతల చేపల చెరువుల మీద పనికెళ్ళారు. చర్చి వైపు వాళ్ళైనా ఉంటారనుకుంటే, బస్సు డ్రైవరూ వంటమనిషీ అక్కడివాళ్ళే. "మతాల సంగతి మాకెందుకు వదినా, స్వాములకి వేళకి అన్నం దొరకాలి కదా" అంది డ్రైవరు భార్య. మా ఊళ్ళో నాట్ల ముఠాని నడిపేది ఆవిడే. నేను ఆవిణ్ణి వదినా అంటాను, ఆవిడా నన్ను వదినా అంటుంది. ఎవరికి ఎవరం వదినో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇక ఊళ్ళో మిగిలిన మగమనిషి పక్కింటి మావయ్య. బండి మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని, కట్టు కట్టించుకుని కూర్చున్నాడు.

చేలో తేమ ఆరలేదు, కోత మిషను దిగబడుతుందన్నారు. వదిన ముఠాతో చేత్తోనే కోయించి, కోసిన వరిని పనలుగా చేలోనే ఆరేశాం. ఇంకో వారం ఎండ కాస్తే స్వాములు దిగొచ్చి కుప్ప వేస్తారు, అదీ లెక్క. మూడోనాడు టీవీలో వాయుగుండం అన్నారు. సాయంత్రానికి తుపాను అన్నారు. పొద్దున లేచేసరికి ఆకాశం బూడిద రంగులో ఉంది, సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అది మా సొంత చేను కాదు, కౌలుది. పనల మీద వాన పడితే గింజ మొలకెత్తుతుంది. పంట మొలకెత్తిందంటే మాకు ఆ ఏడు తిండే కాదు, మరుసటేడు చేను కూడా ఉండదు. ఆసామి పెద్దమనిషి, నోరు తెరిచి ఏమీ అనడు. మాకు చెప్పకుండా ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాడంతే.

పనలు కట్టలు కట్టి కుప్ప వెయ్యాలి. వేరే దారి లేదు. కోతా, కట్టా, మోతా మేం చేస్తాం. కుప్ప మాత్రం మగాళ్ళే వేస్తారు. ఆడది కుప్పెక్కకూడదు. ఎక్కితే గాదె నిలవదని, ఇంట్లోంచి లక్ష్మి వెళ్ళిపోతుందని మా అత్తయ్య నేను కాపురానికొచ్చిన మొదటి ఏడే చెప్పింది. అప్పట్లో సరదాకి రెండడుగులు ఎక్కబోతే, చేను గట్టు మీంచే ఆవిడ వేసిన కేకకి పక్క చేలో కొంగలు లేచిపోయాయి.

వదిన మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ రోజు వాళ్ళకి సెమీ క్రిస్మస్ పాటల ప్రాక్టీసు. అది మానుకుని వచ్చి, చేలోనే పాటలు మొదలెట్టారు. కట్టలు కట్టడం చకచకా అయిపోయింది. మావయ్య ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని, కట్టు కాలు ఇంకో కుర్చీ మీద చాపుకుని గట్టు మీద సెటిలయ్యాడు.

"కుప్ప ఆడాళ్ళ వల్ల కాదమ్మాయ్. అది ఇంజినీరింగు" అన్నాడు.

"మీరు చెప్పండి మావయ్యా, మేం వేస్తాం."

"చెప్తే వచ్చేది కాదు."

నిజానికి ఆయనకీ తెలియదు. జీవితంలో కింద నుంచి అందించడమే తప్ప పైకెక్కిన పాపాన పోలేదు. సరే, నియమం తప్పకుండా నేల మీద నిలబడే వేద్దామని మొదలెట్టాం. భుజాల ఎత్తు వరకూ వచ్చింది. పైన చూస్తే మంచంలా బల్లపరుపుగా ఉంది. ఎవరైనా ఎక్కి కునుకు తీయొచ్చు. వాన పడితే ఒక్క చుక్క కిందికి జారదు, అంతా లోపలికే.

అప్పుడే మా స్వామి వీడియో కాల్ చేశారు. వెనకాల కొండలు, శరణుఘోష. "నడుమ ఎత్తు పెట్టండి! నడుమ! ఫోను ఇటు తిప్పు. ఏంటది, కుప్పా అరుగా?" అని అరుస్తున్నారు. నేను ఫోను ఆకాశం వైపు తిప్పి పట్టుకుని, ఎంతో భక్తిగా "స్వామి శరణం" అన్నాను. వదిన నోట్లో కొంగు కుక్కుకుంది. నేను కాల్ కట్ చేసేశాను.

ఆ నవ్వులోనే కుప్ప ఒక పక్క జారిపోయింది. ఇద్దరు మనుషులు కట్టల కింద పడి, దెబ్బలు తగలక, లేవలేక, ఒకటే నవ్వు. మావయ్య "నేను చెప్పలా?" అన్నాడు. నాకు మాత్రం నవ్వు ఆరిపోయింది. ఉత్తరం వైపు కూడా నల్లబడింది. ఏడుపొకటే తక్కువ.

అంతే, చీర ఎగదోపి కుప్పెక్కేశాను.

సరిగ్గా అప్పుడే టీ ఫ్లాస్కు పట్టుకుని గట్టు మీద మా అత్తయ్య! మనిషి నిలబడిపోయింది. పాటలు ఆగిపోయాయి. "మీరేమన్నా అనండత్తయ్యా, నేను దిగను. లక్ష్మి ఎట్లాగూ ఈ వానకి కొట్టుకుపోయేట్టుంది" అన్నాను. అన్నాక నాకే భయం వేసింది.

ఆవిడ నన్ను చూసింది, కుప్పని చూసింది, ఆకాశాన్ని చూసింది. ఫ్లాస్కు మావయ్య ఒళ్ళో పెట్టింది. చీర గోచీ పోసింది. "జరుగు. కుప్పేసేది అట్లాగా? వంటింట్లో అట్లు తిరగేసినట్టుంది" అని, వదిన భుజం పట్టుకుని పైకెక్కేసింది.

డెబ్భైకి దగ్గర పడుతున్న మనిషి! మోకాలితో కట్టని నొక్కుతూ, అంచు వెంబడి గుండ్రంగా తిరుగుతూ ఒక్కొక్కటీ పేరుస్తుంటే నోరు తెరుచుకుని చూశాం. కంకులు లోపలికి, మొదళ్ళు బయటికి. నడుమ ఎప్పుడూ అంచుకంటే ఎత్తు, వాన ఏ పక్క పడ్డా బయటికే జారిపోవాలి. "అందివ్వు! ఏంటా చూడటం, నేనేమన్నా సినిమానా?" అని కింద వాళ్ళని కేకలేస్తోంది. కుప్ప లేస్తోంది, ఆవిడా లేస్తోంది.

"అక్కా, నీకిదెక్కడిదే?" అన్నాడు మావయ్య.

"డెబ్భై ఏడు ఉప్పెన మరుసటేడు. నువ్వప్పుడు నిక్కరు జారిపోతే ఏడ్చేవాడివి. కూర్చో."

తర్వాత కట్టకీ కట్టకీ మధ్య ఆవిడే చెప్పింది. ఉప్పెనలో మా మావగారి తండ్రీ, అన్నలూ కొట్టుకుపోయారు. అప్పటికి మావగారు బతికి బయటపడ్డారు గానీ నడుం దెబ్బతిని మంచాన పడ్డారు. మరుసటేడు పంట పండితే కుప్ప వెయ్యడానికి ఇంట్లో మగాడు లేడు. అత్తయ్య, ఇద్దరు తోడికోడళ్ళు కలిసి వేశారు. తర్వాతి ఏడు కూడా వేశారు. ఆ పై ఏడు మావగారు లేచి తిరుగుతున్నారు, చుట్టాల్లో మగాళ్ళు సాయానికొచ్చారు. ఈవిడ అలవాటు కొద్దీ కుప్పెక్కితే, అందరూ కింద నిలబడి, "ఇక మేమున్నాంగా, దిగమ్మా" అన్నారట.

"దిగేశారా?" అన్నాను.

"దిగక? కొత్తగా లక్ష్మి మాట కూడా అప్పుడే పుట్టింది. అంతకు ముందు రెండేళ్ళూ ఆ లక్ష్మి ఎక్కడుందో మరి."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి నాకూ అదే చెప్పారుగా అత్తయ్యా! ఆ రోజు ఎంత కేకేశారు!"

ఆవిడ కట్ట నొక్కుతూ తలెత్తలేదు. "కేకేశాను. నేను దిగిపోయాక నువ్వెక్కి నిలబడితే నాకు చూడబుద్ధి కాలేదే" అంది.

అంత మాట అంత తేలిగ్గా అనేసరికి నాకు కోపమూ వచ్చింది, ఆవిడ మీద జాలీ వచ్చింది. రెండూ మింగేసి కట్ట అందుకున్నాను. "మొదలు బయటికి" అని చేతి మీద ఒక్కటేసింది.

బరకాలు కప్పి, తాళ్ళకి ఇటుకలు వేలాడగట్టేసరికి చినుకులు మొదలయ్యాయి. తడిసి ముద్దై ఇంటికొచ్చాం. రెండు రోజులు కుండపోత. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. అత్తయ్య మాటిమాటికీ గుమ్మంలోకి వచ్చి చేను వైపు చూసేది. ఇక్కణ్ణుంచి కుప్ప కనపడదు, అయినా చూసేది.

వాన తెరిపిచ్చిన పొద్దున మోకాటి లోతు నీళ్ళలో వెళ్ళాం. మెరక మీద వేసిన కుప్ప కాస్త పడమరకి ఒరిగింది గానీ నిలబడే ఉంది. అత్తయ్య భుజం దాకా చెయ్యి లోపలికి పోనిచ్చింది. ఆవిడ గుప్పెడు కంకులు లాగి నా చేతిలో పెట్టింది. గలగలమన్నాయి. చుక్క తడి లేదు. మేమిద్దరం నీళ్ళలో నిలబడి ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చాం. ఆ తర్వాత ఆవిడ, "చాల్లే, ఎవరన్నా చూస్తే ఏదో పోయిందనుకుంటారు" అంది.

స్వాములు దిగొచ్చారు. మా ఆయన మాల తీసి, అరవణ ప్రసాదం డబ్బా చేతికిచ్చి, కుప్ప చుట్టూ తిరిగి, "పడమరకి ఒరిగింది" అన్నారు. అంతే. సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆయన చెప్తుంటే డ్రైవరు విని వదినకి చెప్పాడు, వదిన నాకు మోసుకొచ్చింది. "పంబ దగ్గర నుంచి ఫోన్లో చెప్పి వేయించానయ్యా కుప్ప" అన్నారట! వదినా నేనూ ఆ మాట తలుచుకుని వారం నవ్వుకున్నాం. నవ్వుకున్నాం గానీ, లోపల కాలుతూనే ఉంది.

చేను మా చేతిలోనే ఉంది. మరుసటి డిసెంబరు ఆయన ఊళ్ళోనే ఉన్నారు. కోతలయ్యాక అందరం చేలోకి వెళ్ళాం. అత్తయ్యకి మోకాళ్ళు సహకరించక గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంది. అడుగు వరసలు పేర్చడం అవగానే మా ఆయన లుంగీ ఎగ్గట్టి కుప్పెక్కారు. మమ్మల్ని చూసి, "ఇక నేనున్నాగా, మీరు కట్టలు అందివ్వండి" అన్నారు.

అత్తయ్య మొహం ఎర్రబడింది. "దిగరా" అంది.

"ఏంటమ్మా?"

"దిగు. అది ఎక్కుతుంది."

ఆయన నవ్వబోయారు. ఆవిడ నవ్వలేదు. చేలో ఎవరూ నవ్వలేదు. ఆయన కాసేపు పైనే నిలబడి, అటూ ఇటూ చూసి, మెల్లగా దిగారు. నేనెక్కాను. ఆయన మొదటి కట్ట ఎంత విసురుగా విసిరారంటే నా భుజానికి తగిలి కిందపడింది. రెండోది పట్టుకున్నాను.

"కాస్త మెల్లగా అందివ్వండి," అన్నాను, "గింజ రాలిపోతోంది."