మునస్వామి జేబులో కాగితం

ఆ కేసు షీట్‌లో ‘రోగి సూచనలు పాటించలేదు’ అని రాసింది నేనే. తప్పు ఆయనది కాదని రాసేటప్పుడే నాకు తెలుసు. పదహారేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

అది 2006 వేసవి, తమిళనాట ఎన్నికల ముందు రోజులు. వేలూరులో ఒక ఆసుపత్రి ట్రాన్స్‌ప్లాంట్ క్లినిక్‌లో, అంటే కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు పరీక్షలకు వచ్చే చోట, నేను మేల్ నర్సుని. మాది చిత్తూరు. మునస్వామి గుడియాత్తంలో మగ్గం నేస్తాడు. అంతకు ఏడాది ముందు భార్య జయమ్మ ఆయనకు కిడ్నీ ఇచ్చింది. ఒళ్ళు ఆ కిడ్నీని పరాయిదని దెబ్బతీయకుండా, రోగాలను ఎదిరించే శక్తినే తగ్గించే మాత్రలు రోజూ వేసుకోవాలి. వాటిని ఇమ్యునోసప్రెసెంట్స్ అంటారు. మనకు రెండు రోజుల్లో తగ్గే విరేచనాలు అలాంటివాళ్ళకు కిడ్నీకే ముప్పు.

“మదురైలో మా కట్చి మానాడు ఉండాది సార్. మూడు నెల్లుగా కట్చి రంగుల అంచు వేష్టులు నేస్తా ఉండా. మనోళ్ళు అవి కట్టుకోని నడిస్తే సూడొద్దా?” అని, ఆ పార్టీ మహాసభకు వెళ్ళడానికి డాక్టరుగారి అనుమతి అడిగాడు.

“నువ్వు పోతే పో. నా కిడ్నీని మాత్రం తీసకపోవద్దు,” అంది జయమ్మ.

“దాన్ని ఇంట్లో ఇడిసిపెట్టి యెట్ల పోయేదే!”

డాక్టరుగారు నవ్వి, ఆలోచించారు. వానలు లేవు, డెంగ్యూ దోమల భయం తక్కువ. మాత్రల మోతాదూ తగ్గించాం. మిగిలిన భయాలు గుంపు, నీళ్ళు. మాస్కు కట్టుకుని, కాచిన నీళ్ళే తాగితే వెళ్ళవచ్చన్నారు. “వివరంగా చెప్పి పంపు,” అని నాకు అప్పగించారు.

బయట బెంచీలు నిండి ఉన్నాయి. ప్రయాణ జాగ్రత్తల కాగితాలు మా దగ్గర తమిళంలోనూ తెలుగులోనూ ఉండేవి. ఆయన తెలుగు మాట్లాడాడు కాబట్టి తెలుగుది ఇచ్చి, “అంతా ఇందులో ఉంది అన్నా,” అన్నాను. రెండు చేతులా అందుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మానాడు నుంచి వచ్చిన మర్నాడే జ్వరం, విరేచనాలు. రెండు రోజులు ఇంట్లోనే ఓర్చుకుని, మూడో రోజు మా దగ్గరకు వచ్చాడు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రెట్టింపైంది. దారి పొడవునా కట్చి పందిళ్ళలో ఐసు వేసిన మజ్జిగ పోశారట.

“బయట మజ్జిగ వద్దని, జ్వరమొస్తే అదే రోజు రమ్మని కాగితంలో ఉంది కదయ్యా!” అని డాక్టరుగారు కోప్పడ్డారు. మునస్వామి తల వంచుకున్నాడు.

వరండాలో జయమ్మ నన్ను ఆపి, ఆ కాగితం చేతికిచ్చింది. “ఏముండాదో సదివి చెప్పప్పా. తెలుగు మాట్లాడతాము గానీ, మాకు సదవను వచ్చేది అరవమే.”

చదివి వినిపించాను. ఆ తర్వాత లోపలికి వెళ్ళి, కేసు షీట్‌లో ఆ వాక్యం రాశాను.

పదకొండు రోజులకు కిడ్నీ కోలుకుంది. ఆ వాక్యం మాత్రం ఫైల్లో ఉండిపోయింది. తర్వాత ఆయన ఏ ఊరికి వెళ్తానన్నా, కొత్త డాక్టర్లు అది చూసి వద్దనేవారు. అప్పటినుంచి నేను ఎవరినీ కాగితం మాత్రమే ఇచ్చి పంపలేదు. ఏ భాష చదువుతారో అడిగి, నోటితో చెప్పి, తిరిగి వాళ్ళచేత చెప్పించుకుంటున్నాను.

పదహారేళ్ళకు, ఆయన ఫైల్లో జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టి, ఆ తర్వాత గుడియాత్తం వెళ్ళాను. మునస్వామి మగ్గం మీదే ఉన్నాడు. జయమ్మ మజ్జిగ తెచ్చి, “కాంచిన నీళ్ళు పోసిందే, బయపడొద్దు నాయనా,” అంది.

ఎందుకొచ్చానో చెప్పాను.

“అరవం కాగితం అడగను నాకు నోరు లేదా?” అన్నాడు మునస్వామి. “తెలుగోడికి తెలుగు సదవను రాదా అంటావని ఊరకుంటి.”

“అడగాల్సింది నేను అన్నా. తప్పు నాది, రాసింది మీ మీద. మీ ఇద్దరూ నన్ను క్షమించండి.”