జొన్నపిండి అద్దుకున్న వేళ్ళు

హైదరాబాద్‌లో త్వరలో ఇవ్వబోయే సోలో కచేరీ కోసం ఆ రోజు ఇంట్లో పియానో సాధన చేస్తున్నాను. కుడిచేత్తో పైకి పరుగెత్తే స్వరాల వరుస ఒకటుంది. నిద్రలో లేపి అడిగినా వాయిస్తాను. ఆ పూట మాత్రం ఉంగరపు వేలు, చిటికెన వేలు అరచేతిలోకి ముడుచుకుపోయాయి. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. నా మాట వినలేదు, అంతే.

నేను జహీరాబాద్‌లో పియానో నేర్పుతాను. చర్చిలో ఆర్గన్ దగ్గర మొదలుపెట్టి, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్చుకుని, ముంబై దాకా వెళ్ళి కచేరీలు చేసినదాన్ని. మా ఊళ్ళో సగం మంది నేను హార్మోనియం పేటీ వాయిస్తాననుకుంటారు, అది వేరే సంగతి. పిల్లలు తప్పు వాయిస్తే నేను చెప్పే మందు ఒకటే: "నిదానంగా, ఇంకోసారి." నేనూ అదే వేసుకున్నాను. పొద్దున సాధన పెంచాను, సాయంత్రం పెంచాను. వేళ్ళు ఇంకా గట్టిగా ముడుచుకున్నాయి. మొండిదాన్ని కదా, నేనూ తగ్గలేదు.

వింతేమిటంటే, మిగతా పనులన్నింట్లో ఆ చెయ్యి బంగారం. రాస్తుంది, జడ అల్లుతుంది. అమ్మది జొన్నలు పండే ఝరాసంగం, మా ఇంట్లో రోజూ జొన్నరొట్టెలే. పిండి చల్లి రొట్టె తడుతుంటే ఐదు వేళ్ళూ చక్కగా విచ్చుకునేవి.

"రొట్టెలు గింత మంచిగ చేస్తున్నవ్, చెయ్యికేం రోగం బిడ్డా? జర ఫికర్ తక్వ చెయ్," అనేది అమ్మ.

ఎముకల డాక్టర్ ఎక్స్‌రే తీయించారు. నార్మల్. మెడకు ఎమ్మారై, చేతి నరాలకు నర్వ్ కండక్షన్ టెస్ట్. అవీ నార్మలే. "నా వేలు గట్టిగా పట్టుకోండమ్మా" అంటే ఆయన ముఖం చిట్లించేంత గట్టిగా పట్టుకున్నాను. "స్ట్రెస్ అయి ఉంటుంది, రెస్ట్ తీసుకోండి" అని విటమిన్ మాత్రలు రాశారు. కచేరీ రద్దు చేసుకున్నాను. నార్మల్ అనే మాట మీద అంత కోపం నాకెప్పుడూ రాలేదు.

ఆ కోపంలోనే ఒకటి తట్టింది. నా రోగం పియానో దగ్గర తప్ప బయటపడదు, దవాఖానలో పియానో ఉండదు. మరి వాళ్ళకెట్లా కనబడుతుంది? పిల్లలకు నేర్పే బ్యాటరీ కీబోర్డును దుప్పట్లో చుట్టి, హైదరాబాద్‌లో న్యూరాలజిస్ట్ దగ్గరికి బస్సెక్కాను.

"గదేందమ్మా గంత పొడుగుంది?" అన్నాడు కండక్టర్.

"నా రోగమయ్యా," అన్నాను. టికెట్ చేతిలో పెట్టి ముందుకు జరిగాడు.

డాక్టర్ దాన్ని పేషెంట్లను పడుకోబెట్టే బల్ల మీద పెట్టించి, "వాయించండి" అన్నారు. వాయించాను. రెండు వేళ్ళూ ముడుచుకున్నాయి. ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని మళ్ళీ వాయించమన్నారు.

"ఫోకల్ డిస్టోనియా. టాస్క్ స్పెసిఫిక్, అంటే ఆ ఒక్క పని దగ్గరే వస్తుంది. చెయ్యి బాగానే ఉంది, బ్రెయిన్ పంపే ఆర్డర్ తప్పుతోంది. ఇలా అయ్యాక ఏం చేశారు?"

"ప్రాక్టీస్ పెంచాను."

"అదే తప్పు. ఆ తప్పు కదలికనే బ్రెయిన్‌కు రోజూ నేర్పిస్తున్నారు."

పూర్తిగా తగ్గుతుందా అని అడిగితే, "మాట ఇవ్వలేను, ప్రయత్నిద్దాం" అన్నారు. నాకు పేరు దొరికింది చాలు. ఆ గదిలోనే పకపకా నవ్వాను.

వేళ్ళను లాగే కండరాలు వదులయ్యేలా ముంజేతికి బోటాక్స్ ఇంజక్షన్ ఇచ్చారు. మొదటి డోసు పక్క వేలిని కూడా నీరసపరిచింది, చాయ్ కప్పు చేతిలోంచి జారిపడింది. తర్వాత డోసు తగ్గించారు. దాంతోపాటు రీట్రైనింగ్, అంటే వేళ్ళకు మళ్ళీ మొదటి నుంచి నేర్పడం. ఒక్కో స్వరమే వాయించాలి, వేలు ముడుచుకోబోతే అక్కడే ఆపాలి. ఆపడం! జన్మలో చేతకాని పని. పళ్ళు బిగబట్టి నేర్చుకున్నాను.

ఒకరోజు రొట్టెలు చేస్తూ మధ్యలో మనసాగక, చేతులు కడగకుండానే పియానో ముందు కూర్చున్నాను. వేళ్ళు విచ్చుకునే ఉన్నాయి. వరుస మొత్తం పైదాకా వెళ్ళింది.

"అయ్యో, గా మీటలన్నీ పిండి పిండి చేస్తున్నవేందే!" అని అమ్మ అరుచుకుంటూ వచ్చింది.

"పోనియ్యమ్మా, ముందు వేళ్ళు చూడు!"

అమ్మ చూస్తూ నిలబడిపోయింది. పెనం మీద రొట్టె మాడిపోయింది. ఇద్దరం ఏడ్చాం.

"దీన్ని సెన్సరీ ట్రిక్ అంటాం," అన్నారు డాక్టర్ ఈ సంగతి విని. "స్పర్శ మారితే బ్రెయిన్ కాసేపు పాత దారి వదులుతుంది. ఇది మందు కాదు, రోజూ పనిచేయకపోవచ్చు." నిజమే, కొన్ని రోజులు పిండి కూడా చేతులెత్తేస్తుంది. అలాంటి రోజు పియానో మూత వేసి లేచిపోతాను. పిల్లలకూ ఇప్పుడు "ఇంకోసారి" కంటే ముందు "ఆపు, చెయ్యి చూసుకో" అని చెబుతున్నాను.

మొన్న హైదరాబాద్‌లో మళ్ళీ కచేరీ చేశాను. చిన్న హాలు, వేగం తగ్గించిన రచనలు, పియానో పక్కన చిన్న గిన్నెలో జొన్నపిండి. ఆ వరుస వచ్చింది. మధ్యలో చిటికెన వేలు ముడుచుకుంది. ఆ ఒక్క స్వరం వదిలేసి ముందుకు వెళ్ళాను, మిగతావన్నీ పలికాయి. చప్పట్లలో అమ్మ పక్కావిడతో అంటున్నది నాకు వినబడింది: "గా పిండి మాదే!"

నా అనుభవంతో చెప్పేది ఒక్కటే. ఏ పని దగ్గర ఒళ్ళు మొరాయిస్తుందో, ఆ పనిని డాక్టర్ కళ్ళ ముందు చేసి చూపించండి. దుప్పట్లో చుట్టి బస్సులో మోసుకుపోవాల్సి వచ్చినా సరే, మోసుకుపోండి.