ఆ గురువారం కూర

నేను మైక్రోబయాలజీ చదివాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత నాకు తెలియదని బుకాయించే వీలు ఉండకూడదు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. క్యాంపస్‌లో హాస్టళ్లు ఖాళీ చేయించి మెస్సులకు తాళాలు వేశారు. నా స్నేహితురాలు చరిత్రలో ఎమ్మే చేసి, పీహెచ్‌డీ సీటు ఇంటర్వ్యూ కోసం కాచుకుని ఉంది. బందుల వల్ల అది అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. ఊరికి పోతే సమయానికి తిరిగి రాలేకపోవచ్చని తార్నాకలోని మా ఫ్లాటుకు తీసుకొచ్చాను. మాది కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. మా అమ్మ ఆమెను బాగానే చూసుకుంది. టీవీలో వార్తలు మొదలైతే మాత్రం అందరం ఒక్కసారిగా మర్యాదస్తులమైపోయేవాళ్లం. ఆ మర్యాదే కొంప ముంచింది.

ఇంటర్వ్యూ శుక్రవారం పొద్దున. గురువారం మధ్యాహ్నం వాళ్లమ్మ స్టీలు డబ్బా పట్టుకుని దిగింది. బిడ్డను పది రోజులు ఉంచుకున్న ఇంటికి వట్టి చేతులతో ఎలా వస్తుంది? ముందురోజు పొద్దున యాటను కోయించి, మాంసం కూర వండి, పొగలు కక్కుతుండగానే డబ్బాకెత్తి బస్సెక్కిందట. రాస్తారోకోలతో బస్సు ఎక్కడికక్కడ ఆగిపోయింది. ఆ రాత్రి అంబర్‌పేటలో చుట్టాలింట్లో ఉండి, ఆటోలు దొరక్క ఎండలో సగం దూరం నడిచి వచ్చింది.

వాళ్ల ఊళ్లో ఇలాంటి కూరను పూటపూటా పొయ్యి మీద సలసలా మరిగించి రెండు రోజులు ఉంచుతారు. అంబర్‌పేటలో మరిగించారా అని అడిగాను. ఆమె నావైపు వింతగా చూసింది.

“మీకని తెచ్చింది బిడ్డా, నడుమల ఎట్ల మూత తీస్త? మీ ఇంట్లనే తియ్యాలె.”

తీసింది. పాడైన వాసన ఏమీ లేదు, కమ్మగా మసాలా వాసనే. దగా అంతా అక్కడే ఉంది. ఉడికినా చావని క్రిములు కొన్ని ఉంటాయి. మూత బిగించిన డబ్బాలో కూర గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరుగుతాయి. కొన్ని వదిలే విషం మళ్లీ మరిగించినా పోదు. వండిన మాంసం రెండు గంటలకు మించి బయట ఉండకూడదని, ఎండాకాలమైతే అంతసేపు కూడా వద్దని నా రికార్డులో గుండ్రటి అక్షరాలతో రాసి మార్కులు కొట్టేసినదాన్ని నేను. ఇది ఒక రోజు దాటిన కూర.

అయినా ఆ మాట అనలేదు. ఆ రోజుల్లో, ఆ ఇంట్లో, నా యాసలో ‘మీ కూర తినొద్దు’ అంటే ఎలా వినబడుతుందోనని భయం. నా మొహం చూసి అమ్మ కనిపెట్టేసింది. ఇవాళ గురువారం కదా, మేం నీచు ముట్టమని చక్కగా అనేసింది. నేనూ తలూపాను. కూరను వేడి చేసి తెచ్చాను కూడా, నా తెలివి తెల్లారినట్టే ఉంది!

పెద్దావిడ మొహం చిన్నబోయింది. నా స్నేహితురాలు ఒక్కసారి నాకేసి చూసింది. తర్వాత కంచం ముందుకు లాక్కుని, వాళ్లమ్మ వంటను మెచ్చుకుంటూ, అడిగి మరీ రెండుసార్లు వేయించుకుంది. వాళ్లమ్మ రెండు ముక్కలతో సరిపెట్టుకుంది. నేను పక్కన నిలబడి మంచినీళ్లు అందించాను.

తెల్లారేసరికి నా స్నేహితురాలికి వాంతులు, విరేచనాలు. నిలబడితే పడిపోతోంది. హబ్సిగూడలో ఒక చిన్న ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. క్యాంపస్‌లో ఆమె పేరు పిలిచే వేళకు ఆమె మంచం మీద ఉంది. రానివాళ్లకు మరో అవకాశం లేదని కబురు తెలిసింది.

వాళ్లమ్మ తన చేతులతోనే పెట్టానని తల కొట్టుకుంది. ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

“మీకు గురువారం ఉండవట్టి బతికిపోయిండ్రు బిడ్డా. దేవుడే చూసిండు.”

సిగ్గులేకుండా దానికీ తలూపాను. ఇప్పటికీ ఆ తలకాయను తలుచుకుంటే అసహ్యం వేస్తుంది.

వాళ్లమ్మ మందులు తేవడానికి కిందికి వెళ్లింది. నా స్నేహితురాలు కళ్లు తెరిచి, పోయిన గురువారం మా ఇంట్లో చేపల పులుసు తిన్నామని గుర్తు చేసింది. మాకు వాళ్ల వంట రోత అనుకుందట. వాళ్లమ్మ బాధపడకూడదని తనే ఎక్కువ తిన్నదట.

రోత కాదని చెప్పాను. కూర పాడై ఉంటుందని తెలిసే ఊరుకున్నానని, చెప్తే మీరిద్దరూ బాధపడతారనుకున్నానని చెప్పేశాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“చెప్తే బాధపడుతుంటిమి,” అంది. “పడి, ఇంటర్వ్యూకు పోతుంటి.”