మిస్టర్ బోణీ

విశ్వనాథం గారికి బోణీ పిచ్చి. కొందరికి పేకాట పిచ్చి, కొందరికి షేర్ల పిచ్చి ఉంటుంది. ఈయనకి మాత్రం పొద్దున్నే ఏదో ఒక కొట్టు తలుపు తీయగానే మొదటి బేరం తనదే కావాలి. వస్తువు అవసరమా కాదా అన్నది ఆయన ఆలోచించే విషయమే కాదు. నున్నటి గుండు పెట్టుకుని మంగలి షాపులో కూర్చుని బోణీ చేసిన మనిషి. చేప అన్న మాట వింటేనే ముక్కు మూసుకునే శాకాహారి అయ్యుండీ, చేపల కొట్టుకి వెళ్ళి, అక్కడ చేపల మధ్య అందానికి పెట్టిన నిమ్మకాయ కొనుక్కుని బయటపడ్డ మనిషి.

ఈ సంగతులన్నీ కోడలు అంకితకి అత్తగారు జ్ఞానప్రసూన పెళ్ళైన వారంలోనే చెప్పేసింది. ఇంటి గుట్టు కోడలికి ఆలస్యంగా తెలిస్తే బాగుండదని ఆవిడ అభిప్రాయం. "మీ మామయ్యగారు మంచివారే అమ్మాయ్. కాకపోతే ఆయన్ని బజారుకి తీసుకెళ్ళేటప్పుడు కారు డిక్కీ ఖాళీగా ఉంచుకో" అంది.

అమెరికాలోని ఎడిసన్‌లో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మొదటి ప్రశ్న వీసా గురించి, రెండోది ఊరి గురించి. మీదే ఊరండీ అంటే అందరూ గుంటూరనో ఖమ్మమనో చెబుతారు. విశ్వనాథం గారు తడుముకోకుండా కోల్డర్‌బీ అంటారు. అడిగినవాళ్ళు కాసేపు ఆలోచించి, కొవ్వూరు అవతలా అండీ అంటారు. కోల్డర్‌బీ ఉన్నది ఉత్తర ఇంగ్లండులో. ఆయన పుట్టింది తెనాలిలోనే అయినా ముప్ఫయ్యేళ్ళ పాటు ఆ ఊరి వీధిదీపాలకి ఇంజనీరుగా పనిచేశారు. తెల్లవారుజామున దీపాలు సరిగ్గా ఆరాయో లేదో చూసుకుంటూ ఊరి నడిబొడ్డుకి చేరేసరికి కొట్ల షట్టర్లు లేచే వేళయ్యేది. ఆ వేళ ఆయనకి బోణీ పిచ్చి పట్టించింది.

మొదటి బోణీ డోరీన్ గారి బటన్ల కొట్లో. ఒకే ఒక్క చొక్కా బటను కొని, నాణెం ఆవిడ చేతిలో పెట్టి, చిరునవ్వుతో "బోణీ" అన్నారు. అక్కడి ఇంగ్లీషులో బోనీ అంటే చక్కని చుక్క అని అర్థం. యాభై దగ్గర పడుతున్న డోరీన్ చెవుల దాకా ఎర్రబడింది. మర్నాడు బూట్లు బాగుచేసే సిడ్ దగ్గర షూలేసులు కొని, అతని వంకా అదే చిరునవ్వుతో చూసి "బోణీ" అన్నారు. సిడ్ ఆరడుగుల మనిషి, పెద్ద మీసాలవాడు. ఆ రోజు నుంచి ఈయన వస్తుంటే బల్ల అవతలికి వెళ్ళి నిలబడేవాడట.

వారం తిరక్కుండా సంగతి జ్ఞానప్రసూన దాకా వచ్చింది. బస్టాపులో డోరీన్ ఆవిడ చెయ్యి పట్టుకుని, మీ ఆయన రోజూ నన్ను చక్కని చుక్క అంటున్నారు, మీరేమీ అనుకోకండి అని చెప్పింది. జ్ఞానప్రసూన అనుకోవలసినవన్నీ అనుకుంటూ ఇంటికి వచ్చి నిలదీసింది. "సిడ్‌ని కూడా అన్నానే" అని ఆయన సంజాయిషీ ఇచ్చుకున్నారు. దాంతో ఆవిడ కంగారు రెట్టింపయింది. చివరికి ఆవిడే బజారుకి వెళ్ళి, ఇది మా తెలుగు మాట, మొదటి బేరమని అర్థం, బోణీ డబ్బులు కళ్ళకద్దుకుని తీసుకోవాలి అని అందరికీ పాఠం చెప్పి వచ్చింది. పాఠం బాగానే వంటబట్టింది. మర్నాటి నుంచి కోల్డర్‌బీ బజారులో దొరలూ దొరసానులూ నాణేలు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసుకున్నారు. పేరు మాత్రం మారలేదు. ఊరందరికీ ఆయన మిస్టర్ బోనీయే.

తర్వాత ఊరి బయట పెద్ద మాల్ వచ్చింది. జనం కార్లేసుకుని అటు పోయారు. నడిబొడ్డు వీధిలో చేపల కొట్టు మూతపడింది, ఆ వెనక జున్ను కొట్టు, కొన్నేళ్ళకి సిడ్, ఆఖరికి డోరీన్. జ్ఞానప్రసూన ఒక సంగతి కనిపెట్టింది. ఏ కొట్టు మూతపడినా, అది ఆ మధ్య ఈయన వరసగా బోణీ చేస్తున్న కొట్టే అయ్యేది. "మొత్తం ఊరంతా మీ చేత్తోనే మూయించారు కదండీ" అని ఆవిడ దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవారు.

రిటైరయ్యాక భార్యాభర్తలిద్దరూ కొడుకు దివాకర్ దగ్గరికి ఎడిసన్ వచ్చేశారు. సామాన్లలో ఒక సూట్‌కేసు నిండా బట్టలు, ఇంకో సూట్‌కేసు నిండా డోరీన్ కొట్లో బటన్లు. కస్టమ్స్ అతను తెరిచి చూసి, ఏమీ అడక్కుండా మూసేశాడు.

ఆదివారం పొద్దున ఎవరెన్ని చెప్పినా విశ్వనాథం గారు దొరకరు. కోల్డర్‌బీ వదిలేసి తలోదిక్కుకీ పోయిన పాతకాపులంతా ఫోన్లో వీడియో పెట్టుకుని కలుస్తారు. స్పెయిన్ నుంచి సిడ్, కెనడా నుంచి చేపలాయన, కూతురి ఊరి నుంచి డోరీన్. కలిసి ఏం చేస్తారయ్యా అంటే, ఇప్పుడు లేని ఆ వీధిలో ఒక కొస నుంచి ఇంకో కొసకి మాటలతో నడుస్తారు. జున్ను కొట్టు పక్కన తాళాలవాడా, ఉన్ని కొట్టా అని పోట్లాడుకుంటారు. మధ్యలో ఎవరో ఒకరు మిస్టర్ బోనీ ఏమంటారు అని అడుగుతారు. ఈయన పంచదార డబ్బాకి ఆనించిన ఫోన్‌లోకి వంగి, ఏ దీపస్తంభం ఎదుట ఏ కొట్టుండేదో చెబుతారు. పోట్లాట సద్దుమణుగుతుంది, ఇంకో రెండు కొట్లు నడిచాక మళ్ళీ మొదలవుతుంది.

ఎడిసన్ వచ్చినా బోణీ మానలేదు. కాకపోతే ఇక్కడ కారు లేనిదే కాలు కదలదు కాబట్టి అంకిత డ్రైవరయింది. శనివారం ఇడ్లీ తిందామని అందరూ మనవాళ్ళ కొట్లుండే ఓక్ ట్రీ రోడ్‌కి వెళ్తే, జనం బయటిదాకా నిలబడ్డ హోటలు వదిలేసి ఆయన పక్కనే ఈగలు తోలుకుంటున్న హోటల్లోకి దారి తీసేవారు. ఆకలి మీదున్న దివాకర్, అక్కడ ఎవరూ లేరు నాన్నా అని గొణిగేవాడు. "మనం వెళ్తే ఉంటారు కదరా" అనేవారు ఆయన. ఆ ఇడ్లీలు గోడకేసి కొడితే గోడకే దెబ్బ. బిల్లు మాత్రం నోట్లతోనే ఇవ్వాలి. కార్డు ఇస్తే పాపం వాళ్ళు ఏం కళ్ళకద్దుకుంటారని ఆయన ప్రశ్న.

రెండేళ్ళలో ఆ హోటలు మూతపడింది. ఆయన రోజుకో చీరపిన్ను కొన్న చీరల షాపూ మూతపడింది. అంకిత స్నేహితురాలు నళినికి వరంగల్ నోరు, దాచుకోవడం తెలియదు. "కాలు ఐరన్ లెగ్ అంటరు గని, మీ మామయ్యది ఐరన్ హ్యాండే. ఆయన బోణీ చేసిండంటే ఆ దుకాణం ముంగట ఫర్ లీజ్ బోర్డు పడ్డట్టే" అంది. ఈ మాట వాట్సాప్ గ్రూపుల్లో పాకింది. ఒక స్వీట్ల షాపు ఓనరు, ఈయన కారు దిగడం చూసి, తలుపు మీద ఓపెన్ అన్న బోర్డుని క్లోజ్డ్ వైపు తిప్పేశాడు. లోపల పనివాళ్ళు మైసూర్‌పాకు తింటూ కనబడుతూనే ఉన్నారు. పాపం ఇవాళ సెలవేమో అని విశ్వనాథం గారు తిరిగొచ్చి కారెక్కారు. అంకిత ఆ రోజు ఇంటిదాకా నవ్వుతూనే ఉంది.

నవ్వు తన కొంపకి వచ్చేసరికి ఆగిపోయింది. అంకిత కంపెనీలో లేఆఫ్‌లు వచ్చాయి, ఆమె ఉద్యోగం పోయింది. ఇంకో ఉద్యోగం వెతుక్కోబుద్ధి కాలేదు. చిన్నప్పటి నుంచి ఆమెకి కుట్టుపని ప్రాణం. అమెరికాలో తెలుగు ఆడవాళ్ళ పెద్ద కష్టం జాకెట్టు సరిపోకపోవడమేనని ఆమెకి బాగా తెలుసు. సగం కొట్లు ఖాళీగా పడున్న ఒక పాత ప్లాజాలో అద్దె తక్కువని చిన్న చోటు తీసుకుని, దాచుకున్నదంతా మిషన్ల మీద పెట్టింది. ఇది నడవకపోతే మళ్ళీ ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడమే, మళ్ళీ కుట్టుమిషను వంక చూసే ధైర్యం కూడా మిగలదు. శ్రావణమాసం ముందు ఆదివారం పది గంటలకి ఓపెనింగ్ పెట్టుకుంది.

ఇక బోణీ సంగతి. అంకిత ఇంజనీరింగ్ చదివింది, శకునాలు నమ్మదు. నమ్మకం లేదు గానీ భయం ఉంది. మీరు చెప్పండి అని దివాకర్‌ని బతిమాలింది. మా నాన్నకి నేను చెప్పను అని అతను బేస్‌మెంట్‌లోకి పోయాడు. అత్తగారిని అడిగితే, ముప్ఫయ్యేళ్ళు చెప్పి చూశానమ్మా అంది. చివరికి అంకితే కాఫీ ఇస్తూ, కప్పు వంక చూస్తూ చెప్పింది. "మామయ్యా, ఆ రోజు పొద్దున చాలా హడావిడిగా ఉంటుంది. బోణీ నళిని చేస్తానంది. మీరూ అత్తయ్యా మధ్యాహ్నం రండి."

"అలాగేనమ్మా, నాకూ ఆదివారం ఫోన్ ఉంది కదా" అన్నారాయన, కాఫీ ఊదుకుంటూ. ఆ మాట అంత తేలిగ్గా అనేసరికి అంకితకి ఆయన తిట్టినా బాగుండుననిపించింది.

ఆదివారం తొమ్మిదిన్నరకి కొట్లో అంతా సర్దుకున్నాక, షోకేసులో గాజు సీసాల్లో పోద్దామనుకున్న మామగారి సూట్‌కేసులోని బటన్లు ఇంట్లోనే మర్చిపోయినట్టు గుర్తొచ్చింది. అయిదు నిమిషాల దారే కదా అని పరుగున వచ్చింది. వంటింట్లో విశ్వనాథం గారు పంచదార డబ్బా ముందు కూర్చుని కోల్డర్‌బీ వీధిలో ఉన్నారు. ఫోన్‌లో డోరీన్ అంకితని చూసి, కొట్టు పెడుతున్న కోడలివి నువ్వేనా, మిస్టర్ బోనీ మొదటి బేరం చేశారా అని అడిగింది. అంకిత నీళ్ళు నమిలింది. లేదండీ, ఆయన చెయ్యి... అక్కడ కూడా అన్నీ మూతపడ్డాయి కదా అని నసిగింది.

అవతల సిడ్ పెద్దగా నవ్వాడు. డోరీన్ నవ్వలేదు.

"అమ్మాయీ, మా కొట్లు బాగా నడిచినన్నాళ్ళూ ఈయన మా గడప తొక్కలేదు" అంది. "నాకు పెళ్ళిగౌన్ల బేరాలు పెరిగిన ఏడాది ఈయన రావడం మానేస్తే నాకు కోపం వచ్చింది. అడిగితే, నీకిప్పుడు జనం ఉన్నారు, సిడ్‌కి లేరు అన్నారు. ఎవరూ గుమ్మం ఎక్కని రోజుల్లో, పొద్దున్నే ఒక మనిషి వస్తాడు అని తెలిస్తేనే షట్టర్ ఎత్తబుద్ధవుతుంది. మేం మూసేసింది ఈయన వల్ల కాదు. అన్నేళ్ళు తెరిచి ఉంచింది ఈయన వల్ల."

అంకితకి ఆ రాళ్ళలాంటి ఇడ్లీలు గుర్తొచ్చాయి. చీరపిన్నులు గుర్తొచ్చాయి. ఆయన ఏనాడూ జనమున్న కొట్లో అడుగుపెట్టగా తను చూడలేదు. చూస్తూ చూస్తూ ఇంత చిన్న సంగతి తట్టనందుకు తనమీద తనకే నవ్వొచ్చింది, ఆ వెంటనే ఆయన మీద చెప్పలేనంత ప్రేమ వచ్చింది.

"మామయ్యా, మీరు రండి" అంది.

"నేనెందుకమ్మా? నేను రానక్కర్లేని కొట్టే నువ్వు పెట్టాలి" అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపడుతూ.

బతిమాలితే రారని అంకితకి అర్థమైపోయింది. తలొంచుకుని, గొంతు బొంగురు చేసి, "కొట్లో నరపురుగు లేదు మామయ్యా" అంది. అప్పటికి అది నిజమే. కొట్టు ఇంకా తెరవలేదు కదా.

విశ్వనాథం గారు దిగ్గున లేచారు. "ముందే చెప్పొద్దూ" అంటూ ఫోన్ జేబులో పడేసుకుని, బటన్ల సూట్‌కేసు చేత పట్టుకుని, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే కారెక్కారు. వెనకాల జ్ఞానప్రసూన చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

వెళ్ళేసరికి ప్లాజా ముందు ఆడవాళ్ళు బారులు తీరి ఉన్నారు. నళిని వాట్సాప్‌లో చేసిన దండోరా పనిచేసింది. వరలక్ష్మీ వ్రతానికి సరిపోని జాకెట్లు ఇన్ని ఉంటాయని ఎడిసన్‌కే తెలియదు. విశ్వనాథం గారు ఆ వరస చూసి, కోడలి వంక అనుమానంగా చూసి, వెనక్కి తిరిగి కారు వైపు నడిచారు. అంకిత చెయ్యి పట్టుకుని ఆపింది.

"బోణీ మీరు చేస్తానంటేనే షట్టర్ లేస్తుంది."

"అంకితా, మంచిగ ఆలోచించుకున్నవా?" అంది నళిని, చేతిలో జాకెట్టుతో.

"ఆలోచించుకునే చెప్తున్నా. నువ్వు రెండో బేరం."

చిక్కల్లా ఏమిటంటే కుట్టించుకోవడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. చొక్కా కొత్తది, ఎక్కడా చిరుగు లేదు. విశ్వనాథం గారు ఒక్క క్షణం ఆలోచించి, రెండో బటను పట్టుకుని టప్పున పీకేశారు. "ఇదిగో, ఊడిపోయింది, కుట్టిపెట్టమ్మా" అన్నారు. జ్ఞానప్రసూన నెత్తి కొట్టుకుంది.

అంకిత షట్టర్ ఎత్తింది. ఆయన ఒంటి మీద చొక్కా ఉండగానే, సూట్‌కేసులోంచి డోరీన్ కొట్టు బటను ఒకటి ఏరి కుట్టింది. ఆయన జేబులోంచి అయిదు డాలర్ల నోటు తీసి ఆమె చేతిలో పెట్టి, "బోణీ" అన్నారు. అంకిత కళ్ళకద్దుకుంది. అంతలో ఆయన చొక్కా జేబులోంచి ముసలి గొంతొకటి సిగ్గుపడుతూ, థాంక్యూ డియర్ అంది. ఫోన్ కట్ చెయ్యడం ఆయన మర్చిపోయారు. జ్ఞానప్రసూన జేబు దగ్గరికి వంగి, "నిన్ను కాదు డోరీన్, నా కోడల్ని" అని ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది.

శ్రావణమాసం వెళ్ళింది, దసరా వెళ్ళింది. అంకిత ఇంకో మిషను కొంది. విశ్వనాథం గారు మాత్రం ఆ కొట్టుకి మళ్ళీ రాలేదు. రోజూ పొద్దున ఆమెతో పాటే కారు దిగుతారు, పక్కనున్న గడియారాల షాపులోకి వెళ్తారు. ఆ షాపులో పిట్ట వాలదు. ఇప్పుడు ఇంట్లో పన్నెండు గడియారాలున్నాయి, ఏ రెండూ ఒకే టైము చూపించవు. మొన్నొక రోజు మాత్రం ఆయన ఉన్నట్టుండి అంకిత కొట్టు గుమ్మంలో నిలబడ్డారు. అంకిత సూది వదిలేసి, బయటికి తొంగి చూసి, వరసలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుని, "ఏంటి మామయ్యా, ఇలా వచ్చారు?" అని భయం భయంగా అడిగింది.

"ఏం లేదమ్మా, బాత్రూమ్ కోసం" అన్నారాయన.

అంకిత ఊపిరి పీల్చుకుని మళ్ళీ కుట్టుకోవడం మొదలుపెట్టింది.