రొంటిన మొలిచిన ఆనప గింజలు

కలకత్తా భవానీపూర్‌లో మేమున్న రోజుల్లో ఆంధ్రా ఆఫీసర్ల భార్యలకి ఒక మహిళా మండలి ఉండేది. పనేమిటంటే, శనివారం సాయంత్రం ఒకరింట్లో చేరి, ఆ వారం రానివాళ్ళ మీద చెప్పుకోవడం. దానికి అధ్యక్షురాలు మా ఆయన పైఆఫీసరు గారి భార్య. ఆవిడ ఒక ఏడాది పుష్యమాసంలో ఏదో ఇంగ్లీషు పత్రిక తిరగేసి, వసంతం రాకముందే పిల్లలచేత ఇంట్లోనే నారు పోయించాలనీ, సరస్వతీ పూజనాడు ఆ మొక్కలు తెచ్చి ప్రదర్శించాలనీ తీర్మానించింది. పెరట్లో మంచు మేటలు వేసే దేశాలవాళ్ళు ఇంట్లో నారు పోసుకుంటారంటే అర్థముంది. కలకత్తా చలంటే మంకీ టోపీ పెట్టుకుని చేపల బజారుకెళ్ళే చలి. అయినా ఎవరూ నోరెత్తలేదు. అందరి మొగుళ్ళ బదిలీలూ ఆవిడ మొగుడి చేతిలో ఉన్నాయి మరి.

విధానం కూడా ఆవిడే చెప్పింది. సాసర్లో దూది పరిచి, గింజలు వేసి, నీళ్ళు చల్లి, పిల్లలు రోజూ పరిశీలించాలిట. మా నాలుగేళ్ళవాడు వేళ్ళతో పరిశీలించాడు. మొలిచాయా అని అస్తమానం గింజలు పైకి తీసి చూసి, ఒకటి నమిలి ఉమ్మేశాడు. మిగిలినవి దూదిలోనే కుళ్ళి కంపుకొట్టాయి. తర్వాత తెలిసింది, అందరి ఇళ్ళలోనూ అదే కంపు.

మా అమ్మ ఓడరేవు పక్కన ఏక్‌బాల్‌పూర్‌లో ఉండేది. మా నాన్న శ్రీకాకుళం నుంచి వచ్చి ఆ రేవులో బస్తాలు మోసినవాడు. నేను పుట్టి పెరిగింది అక్కడి ఒంటిగదిలోనే. ఆ సంగతి నేనెక్కడా దాచలేదు. మండలివాళ్ళే విననట్టు ముఖం పెట్టి ఇంకో మాటలోకి వెళ్ళిపోయేవారు. ఆదివారం మేం వెళ్ళినప్పుడు మా అమ్మ ఈ దూది కథ విని పకపకా నవ్వింది.

"ఆనప గింజకి ఒంటి యేడి కావాల. దూదిలో పెడితే సలికి సచ్చిపోదేటే?" అని, గింజలు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, ఆరేళ్ళ నా కూతురి నడుముకి స్వెటరు కింద కట్టింది. మా వైపు ఆడవాళ్ళు చలిరోజుల్లో తీగ గింజల్ని అలాగే రొంటిన దోపుకుని తిరుగుతారు. "బోర్లా తొంగోకు, అమ్మలూ," అని మరీ మరీ చెప్పింది.

పిల్ల ఆ మూటతోనే తిని, ఆ మూటతోనే పడుకుంది. గుడ్డ ఆరితే తనే తడుపుకునేది. అంత శ్రద్ధ చదువు దగ్గర నేనెన్నడూ చూడలేదు. శనివారం మండలికి వెళ్తే, అక్కడా సంబరంగా స్వెటరు ఎత్తి చూపించింది. అధ్యక్షురాలు ముక్కు మూసుకుంది.

"ఛీ ఛీ, కూలివాళ్ళలా నడుముకి ఆ తడి మూటలేమిటమ్మా!" అంటూ నవ్వింది. ఆవిడ నవ్వింది కనక మిగతావాళ్ళూ నవ్వారు. వీళ్ళ తాతలు తిన్న కూర ఎవరి రొంటిన మొలిచిందో అడగాలనిపించింది. పిల్లని లేవదీసుకుని ఇంటికొచ్చేశాను.

మర్నాడు మూట విప్పితే గింజలు ముక్కు పగిలి, తెల్లగా మొలకలు పెట్టి ఉన్నాయి. పిల్ల కేక వేసింది. టీ తాగి పారేసే మట్టి కప్పుల్లో మన్ను నింపి, కిటికీలో పెట్టి పెంచింది. ఆ కబురు విన్న మా అమ్మకి ఒకటే కోరిక పుట్టింది. ఆ పెద్దింటివాళ్ళందరి ముందూ మనవరాలు "మా అమ్మమ్మ నేర్పింది" అని చెబితే తను చెవులారా వినాలి.

పూజనాడు మా అమ్మ వచ్చింది. ఊరేగింపు అడ్డమై బస్సు ఆగిపోతే సగం దారి నడిచి మరీ వచ్చింది. అధ్యక్షురాలి హాల్లో గుమ్మం పక్కన, చెప్పుల దగ్గర కూర్చుంది. కుర్చీ ఎవరూ చూపించలేదు. నేను తెచ్చి వేస్తే తనే వద్దంది.

సరస్వతి ముందు, పుస్తకాల పక్కన పిల్లల మొక్కలు బారులు తీరాయి. బంతులు, పెటూనియాలు, అన్నీ ఒకే ఎత్తు, ఒకే రకం నల్ల ప్లాస్టిక్ సంచుల్లో. తోపుడుబండి నర్సరీవాడు ముందురోజు ఆ వీధుల్లోనే తిరిగాడు. ఒక్క తల్లీ ఆ సంచి మార్చే శ్రమైనా పడలేదు. "మా బాబు తన చేత్తో నాటాడండీ" అని ఒకరు, "మా పాప మొక్కతో రోజూ మాట్లాడేదండీ" అని ఇంకొకరు. పసుపు గౌన్లూ లాల్చీలూ వేసుకున్న పిల్లలు తల్లులు నేర్పింది అప్పజెప్పారు. అంత చిన్న విషయానికి అంతమంది అంత నిబ్బరంగా అబద్ధమాడటం నేనింకెక్కడా చూడలేదు.

మా అమ్మాయి వంతు వచ్చింది. మట్టి కప్పులో ఆనప మొక్క, రెండు దళసరి ఆకుల మధ్య కొత్త ఆకు విప్పుకుంటోంది.

"ఇదెలా మొలిచిందమ్మా?" అంది అధ్యక్షురాలు.

పిల్ల నడుము దగ్గర గౌను గట్టిగా పట్టుకుంది. గుమ్మం వైపు చూడలేదు.

"కొన్నాం," అంది.

హాలంతా నవ్వు. మొక్కలు కొని తెచ్చిన ఆ మహాతల్లులందరూ, కొన్నామన్న పిల్లని చూసి నవ్వారు. "అయ్యో, కొనకూడదు తల్లీ, పెంచాలి," అని ఆవిడ బుగ్గ గిల్లింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోగా గుమ్మం దగ్గర్నుంచి మా అమ్మ గొంతు వినిపించింది.

"అవునమ్మా, కొన్నదే. నానే కొని తెచ్చినాను. పిల్లనేటీ అనకండి."