నడినెత్తిన కొప్పు

మా మేనత్త ఉద్యోగం ఊడిందని వీధిలో అనుకుంటున్నారు. మ్యూజియంలో పాత వెండి నాణేన్ని చూసి ఒక రాణిని ఇంకో రాణి అనుకుందట, చదువు రానివాళ్లకు అలాంటి పనులిస్తే అంతే మరి అని నవ్వుకుంటున్నారట. నాకు కుట్టుపని నేర్పే కుట్టుమిషను ఆవిడ ఈ మాట నా మొహం మీదే అంది. నేను తల వంచుకుని సూదిలో దారం ఎక్కించాను.

రోజూ అత్తకు క్యారేజీ పట్టుకెళ్లేది నేనే. జరిగిందంతా తలుపు పక్కన నిలబడి చూశాను.

పూర్వం రోమ్‌లో ఒక మహారాణికీ ఆవిడ కూతురికీ ఒకటే పేరు. కూతురు కూడా మహారాణే అయింది. ఇద్దరి బొమ్మలతోనూ వెండి నాణేలు వచ్చాయి. అత్త చేతికొచ్చిన గోరంత నాణెం మీద పేరు తప్ప మిగతా అక్షరాలన్నీ అరిగిపోయాయి. ఆఫీసరు గారు కూతురిదన్నారు. అత్త దాన్ని అంచులతో పట్టుకుని, భూతద్దం కింద అటూ ఇటూ తిప్పి, నాణెం పక్కన పెట్టే కార్డు మీద ‘తల్లి’ అని రాసింది. ఈ పనిలోకి రాకముందు అత్త ఆరేళ్లు బ్యూటీ పార్లర్‌లో చేసింది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

“జుట్టు చూసి రాణుల్ని చెప్తామా? ఇదేమన్నా పార్లరా అమ్మా?” అన్నారు.

“పార్లరైతే ఈపాటికి తేలిపోయేది సార్. తల్లి జడలన్నీ నడినెత్తికి చుట్టి కొప్పు పెట్టుకుంటుంది. కూతురి ముడి వెనక, మెడ దగ్గర. ఈవిడ మెడ బోసిగా ఉంది, చూడండి.”

ఆయన చూడలేదు. ఆ బొమ్మ కూతురిదేనని మ్యూజియం పుస్తకంలో అప్పటికే అచ్చుకు పోయింది. అక్కడ కార్డు దిద్దాలంటే రాసినవాళ్లే కొట్టేసి, పక్కన సంతకం పెట్టాలి. ఎర్రసిరా పెన్ను ఆయనే మూత తీసి అందించారు. సంతకం పెట్టకపోతే ఈ నాణేల గదిలో ఉండనివ్వనని మెల్లగా చెప్పారు. ఆ గదంటే అత్తకు ప్రాణం. ఇంట్లో కూడా నాణేల కబుర్లే.

అత్త పెన్నుకు మూత పెట్టి ఆయన ముందే ఉంచింది.

“అమ్మను కూతురని నా చేత్తో రాయను సార్.”

మర్నాడే కింది అంతస్తులో పగిలిన కుండల గదికి పంపేశారు. దుమ్ముకు రోజంతా తుమ్ములు. వారానికోసారి ఎవరో దిద్దమంటూ ఆ కార్డు పట్టుకుని మెట్లు దిగుతారు. అత్త ముక్కు తుడుచుకుని, చదివి, అంతా సరిగ్గానే ఉందని తిరిగి ఇచ్చేస్తుంది.

కుట్టుమిషను ఆవిడతో అనలేకపోయిన మాట ఇక్కడ రాస్తున్నాను. ఉద్యోగం ఊడలేదు. కార్డు మీద ‘తల్లి’ అనే ఉంది. అత్తకు ఇంకా పదకొండేళ్ల సర్వీసుంది.