చావు కబురు అందని మనిషి

మా కిరాయి పుస్తకాల సార్ పోయారన్న కబురు బంద్ రోజు పొద్దున వచ్చింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా హైవే నడిమధ్యన నడిచాను. మనిషి మీద మనిషి ఎక్కే ఆ రోడ్డు మీద నా చెప్పుల చప్పుడు నాకే వినిపించింది. కొత్తపేట దగ్గర, ఒక్క బండీ లేకపోయినా, సిగ్నల్ ఎర్రగా మారింది. ఆగాను. ఎందుకాగానో తెలియదు. ఎవరో దాటుతున్నట్టే అనిపించింది.

సార్‌ది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడమెట్ల కింద గదిలో పుస్తకాలు అద్దెకిచ్చేవారు. వారపత్రికల్లోంచి సీరియళ్ళు చింపి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్టలు వేసేవారు. పుస్తకం తిరిగిస్తే వాసన చూసి, “మీ ఇంట్లో నిన్న ఎండురొయ్యలు వండారు కదరా,” అనేవారు. ఎన్నడూ తప్పలేదు. మా అమ్మ ఆయనకు భయపడేది.

ఆ గదిలో ఒక మాంత్రికుడి సీరియల్ ఉంది. వాడికి పేరుండదు, పేరుంటే యముడు హాజరు పిలుస్తాడట. నాలుగుసార్లు చస్తాడు, నాలుగుసార్లూ మరుసటి వారం లేచి కూర్చుంటాడు. ఆ రహస్యం తేలాల్సిన ఆఖరి భాగం వచ్చిన వారమే తెలంగాణ ఉద్యమం బంద్ పడి, పత్రికల కట్ట షాపుకు చేరలేదు. సార్ తర్వాతైనా తెప్పించలేదు. దాని బదులు చివర తెల్ల కాగితాలు కుట్టి, దారంతో ఒక పెన్సిల్ కట్టారు. వాడు చావకుండా ఎలా ఉన్నాడో చదివినవాళ్ళు రాయాలి. ఆ తర్వాత చదివినవాళ్ళు అందులో బొక్క వెతకాలి. చెరపడం నిషేధం. ఇంజనీరింగ్ నాలుగేళ్ళలో నేను చేసిన ఏకైక పరిశోధన అదేనని వినయపూర్వకంగా మనవి చేస్తున్నాను.

ప్రాణం చిలకలో దాచాడని ఒకరు రాశారు. “చిలక్కి జామకాయలు ఎవరు పెడుతున్నారు?” అని దాని కింద ఇంకొకరు. వాడు ఒంట్లో కిరాయికి ఉంటాడనీ, పదకొండు నెలల అగ్రిమెంటు అయిపోగానే ఖాళీ చేసి ఇంకో ఒంట్లోకి మారతాడనీ, యముడు వచ్చేసరికి అడ్రసు తప్పవుతుందనీ నేను రాశాను. సార్ కళ్ళద్దాలు తీసి మరీ నవ్వారు. “ఓనర్ల చేతిలో బాగా నలిగినట్టున్నావురా!”

ఆయన మాత్రం ఒక్కటే రాశారు. “చావు కబురు ఆఖరి మనిషికి అందేదాకా చావు పూర్తి కాదు. వాడు తనవాళ్ళలో ఒకణ్ణి కబురు చేరని చోట ఉంచాడు.”

దాని కింద పెద్ద అక్షరాలతో “ఒప్పుకోను” అని రాసింది హయత్‌నగర్ కండక్టర్ తాత. నల్గొండ మనిషి, రిటైరయ్యాడు, ఫోన్ వాడడు. ప్రతి మంగళవారం వచ్చి సార్‌తో ఆ ఒక్క వాక్యం మీదే కొట్లాడేవాడు. ఒకరోజు ఊరేగింపులోంచి నలుగురు వచ్చి, “ఆంధ్రోళ్ళ దుకానమా ఇది?” అని అడిగారు. తాత స్టూలు మీంచి లేవలేదు. “ఈడ మాంత్రికుని పంచాయితి నడుస్తున్నది. తెగినంక రాండ్రి,” అన్నాడు. వాళ్ళు వెళ్ళాక సార్ టీ తెప్పించారు. “ఇప్పుడైనా ఒప్పుకుంటారా?” “సచ్చినా ఒప్పుకోను.”

సార్ పోయిన ఆ బంద్ రోజు నేను చేరేసరికి ఆయన్ను వాళ్ళింటి వరండాలో పడుకోబెట్టారు. సార్ భార్య, మా ఆంటీ, నన్ను పక్కకు పిలిచింది. “నాలుగింటికి తీసుకెళ్ళిపోతారు నాయనా. అందరికీ చెప్పాం, కండక్టరు గారొక్కరే మిగిలారు. ఆఖరిచూపు దక్కకపోతే ఆ మనిషి తట్టుకోలేడు.”

అందరికీ చెప్పాం, ఒక్కరే మిగిలారు. ఆ మాట వినగానే పుస్తకంలో సార్ రాసిన వాక్యం గుర్తొచ్చింది.

పక్కింటివాళ్ళ సైకిల్ తీసుకుని బయల్దేరాను. వనస్థలిపురం దగ్గర ఖాళీ రోడ్డు మీద ఒక్క మనిషి ఎదురొస్తున్నాడు, కండక్టర్ తాత. చంకలో ఆ మాంత్రికుడి పుస్తకం.

“ఇయ్యాల మంగళారం గద, బస్సుల్లేకుంటే నడుసుకుంట పోతున్న. నువ్వేంది ఇట్ల?”

“తాతా, జర ఆగు. సార్...”

తాత నా మొహం చూశాడు. జేబులోంచి కండక్టర్ విజిల్ తీసి గట్టిగా ఊదాడు. నేను ఆగాను.

“నాలుగింటికి...”

మళ్ళీ విజిల్. ఊపిరి అయిపోయేదాకా ఊదాడు. కళ్ళలో నీళ్ళు నిండాయి, ఊదినందుకో మరెందుకో.

“నాకేం తెల్వదు,” అన్నాడు. “నువ్వు గూడ జెప్పకు బిడ్డా. ఆయన రాసిండు గద. నేను ఒప్పుకున్న.”

వెనక్కి తిరిగి హయత్‌నగర్ వైపు వెళ్ళిపోయాడు. అరిచి చెప్పొచ్చు. సైకిల్ వెనక్కి తిప్పాను.

చెప్పలేకపోయానని ఆంటీతో అంటే, సార్ మొహం వైపు చూసింది. “పోనీలే. ఒక్కరి దగ్గరైనా ఉండనీ ఆయన్ని.”

పాఠకులకు ఒక్క మనవి. హయత్‌నగర్‌లో చంకలో పుస్తకంతో ఒక ముసలాయన కనిపిస్తే సార్ సంగతి ఎత్తకండి. ఎత్తినా విజిల్ ఊదుతాడు.

మంగళవారం మంగళవారం ఆయన ఇంకా సార్ షాపుకు వస్తూనే ఉన్నాడు. మూసిన షట్టర్‌కు అంటించిన సార్ ఫోటో కంటపడకుండా, దానికి వీపు పెట్టి నిలబడి, పుస్తకం తెరిచి ఒక పేజీ పైకి చదువుతాడు. చదవడం ఆపి, వెనక ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టు కాసేపు తల వంచుతాడు.

మొన్న నేను రోడ్డుకు ఇవతలే నిలబడి చూశాను. తాత వెనక్కి తిరగకుండానే తల ఊపి, “ఆఁ... గది గూడ నిజమే,” అన్నాడు.